ముప్పై ఒకటి, అంతా మామూలే

సోమవారం, పొద్దుటి టీ తర్వాత

దర్జీగారికి,

నీ బాయిలరువాడు రాస్తున్నది.

నువ్వు వెళ్ళి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పది రోజుల్లో వచ్చేస్తానని వెళ్ళావు. నేనేమీ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం లేదు. లాగ్ బుక్కులో తేదీలు వేస్తాను కాబట్టి కంటపడింది, అంతే. ఫోను చేయొచ్చు కదా అంటావేమో. ఫోనులో నువ్వు "ఊఁ" అంటావు. నలభై ఒక్కేళ్ళ కాపురంలో నీ ఊఁలు పదకొండు రకాలని తేల్చాను గానీ, అవి ఎదురుగా మొహం ఉంటేనే తెలుస్తాయి. మొహం లేని ఊఁ ముల్లు విరిగిన గేజీ లాంటిది. లోపల ఆవిరి ఎంతుందో పైవాడికి తెలియాలి. అందుకని ఉత్తరం. ఉత్తరమైతే నువ్వు ఊఁ కొట్టినా నాకు వినపడదు, నా ధోరణిలో నేను చెప్పుకుపోవచ్చు.

ఇల్లు బాగానే ఉంది. గిన్నెలు నేనే కడుగుతున్నాను. అడుగంటినవి నానబెడుతున్నాను. నానబెట్టినవి ఇంకా నానుతున్నాయి.

నువ్వు సంచి సర్దుకుంటున్నప్పుడు ఎందుకు వెళ్తున్నావని అడిగాను. "మా చెల్లెలింట్లో వెచ్చగా ఉంటుందండీ" అన్నావు. ఉంటుంది, కాదనను. కింద రొట్టెల బట్టీ, పైన కాపురం. మా తోడల్లుడి ఇంట్లో గోడకి వీపు ఆనిస్తే వీపు రొట్టెలా పొంగుతుంది. కానీ బిల్డింగు బాయిలరు వేడి గొట్టాల్లో వచ్చే మనింట్లో మాత్రం చలెక్కడిది? థర్మామీటరు తెచ్చి నీ కళ్ళముందు పెట్టాను. ఇరవై రెండు డిగ్రీలు. "ఇదిగో, మనిషన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?" అన్నాను. నువ్వు "ఊఁ" అన్నావు. అది ఆ పదకొండింటిలో ఏదీ కాదు.

కాబట్టి చలి అన్నది వంక. అసలు సంగతి బొద్దింకలని నాకు తెలుసు. ఏ ఆడదైనా ఇంట్లో రెండు పెట్టెల బొద్దింకలు పెట్టుకుని కాపురం చేయమంటే ఎన్నాళ్ళు చేస్తుంది? రెండున్నర నెలలు చేశావు. అందుకు నీకు దణ్ణం పెట్టాలి. అయితే నేను వాటిని ఎందుకు తెచ్చానో నీకు పూర్తిగా చెప్పలేదేమో అనిపిస్తోంది. చెప్పే ఉంటాను. నువ్వు మిషను తొక్కుతూ వింటావు, సగం మాటలు దారంతో పాటు బట్టలోకి పోతాయి. మళ్ళీ చెబుతాను.

ఆసుపత్రి బాయిలరు గదిలోంచి రిటైరయ్యాక తొండల డాక్టరమ్మ దగ్గర పగటిపూట పనికి కుదిరాను కదా. తొమ్మిదికి వెళ్ళి ఐదున్నరకు రావడం, అక్కడి గాజు పెట్టెల్లో దీపాలూ వేడీ చూసుకోవడం. ఆవిడ దగ్గర జబ్బుపడ్డ తొండలు, ఉడుములు, ఇంకా పేరు పలకడానికి నాలుక తిరగని జీవాలు పదిపదిహేను ఉంటాయి. వాటికి బతికున్న పురుగే కావాలి. పార్శిల్లో తెప్పిస్తే దారిలో చలికి సగం చచ్చి వచ్చేవి. చచ్చినదాన్ని మా పెద్దాయన ముట్టడు. పెద్దాయనంటే ఒక ముసలి తొండ, గడ్డం కింద ముళ్ళు, నడుము పడిపోయింది, చూపు మాత్రం మా పాత ఫోర్‌మన్ చూపే. చచ్చిన పురుగుని ముందు పెడితే దాన్ని చూడడు, పెట్టినవాణ్ణి చూస్తాడు.

చలి మొదలైన వారం డాక్టరమ్మ రెండు పెట్టెలు నా ముందు పెట్టింది. "ఏవండీ, ముప్పై ఏళ్ళు ఆసుపత్రి మొత్తాన్ని వెచ్చగా ఉంచారు. ఈ రెండు పెట్టెల్ని ఉంచలేరా?" అంది. అంత మాట అన్నాక మగవాడు ఏం చేస్తాడు? చంకన పెట్టుకుని వచ్చాను.

ఇవి వంటింటి బొద్దింకలు కావు. నునుపు గోడ ఎక్కలేవు, ఎగరలేవు, గుడ్ల అట్టల సందుల్లో నిలువుగా నిలబడి క్యారెట్టు ముక్కలు తింటూ కాలక్షేపం చేస్తాయి. నాకంటే మర్యాదస్తులు. ఆడది గుడ్ల సంచిని ఒంట్లోనే మోస్తుంది. ముప్పై డిగ్రీలకి తగ్గకుండా రెండు నెలలు ఉంచితే పిల్లల్ని కంటుంది. చలేసిందంటే సంచిని మధ్యలోనే జారవిడుస్తుంది. అందుకే రెండు పెట్టెల మధ్యా కరెంటుతో కాగే వేడి చాప నిలబెట్టి, పైన పాత దుప్పటి కప్పి, లోపలి గదిలో పెట్టాను. ఆ గదికి బయటి గోడ లేదు కదా. అందుకోసం నీ మిషను అక్కణ్ణించి కిటికీ గదిలోకి జరిపాను. ఒప్పుకుంటాను, నిన్ను అడగలేదు, చెప్పాను. వెలుతురు బాగుంటుందని కూడా అన్నాను.

వేడి సంగతిలో మాత్రం నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. పొద్దున ఎనిమిదికి ఒకసారి, సాయంత్రం ఆరుకి ఒకసారి థర్మామీటరు చూసి లాగ్ బుక్కులో రాస్తున్నాను. షిఫ్టు దిగేవాడు, ఎక్కేవాడు ఇద్దరూ గేజీ చూసి అంకె వేసి, పక్కన రిమార్కు రాయడం మా బాయిలరు గది ఆచారం. మా ఫోర్‌మన్ ఇరవై ఆరేళ్ళలో "అంతా మామూలే" తప్ప ఇంకో రిమార్కు రాయలేదు. ఒకరోజు మధ్యాహ్నం పొగగొట్టం మీది టోపీ ఊడి పెద్ద డాక్టరుగారి కారు మీద పడింది. కారు అప్పడమైపోయింది. సాయంత్రం ఈయన గేజీ చూసి, అంకె వేసి, "అంతా మామూలే" అని రాసి సంతకం పెట్టాడు. పిలిచి అడిగితే, "నేను చూసిన వేళకి మామూలుగానే ఉందండీ" అన్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ణి నేను.

మొదటి రోజునుంచీ ఎప్పుడు చూసినా ముప్పై ఒకటే. అయినా ఒక్క పిల్ల పుట్టలేదు. పెట్టె అడుగున ఎండిపోయిన గుడ్ల సంచులు నలభై దొరికాయి. తెల్లకాగితం మీద వరసగా పేర్చి నీకు చూపించాను, గుర్తుందా? అన్నీ తేమలేని చింతగింజల్లా ఉన్నాయి. డాక్టరమ్మ తప్పుపట్టలేదు గానీ, చలికాలం వెళ్ళేలోగా పిల్లలు రాకపోతే పెట్టెలు వెనక్కి ఇచ్చేయమంది. అంటే పురుగులు నన్ను పనికిరానివాడిగా తేల్చినట్టే కదా. ఈ వయసులో అదొక ముచ్చట.

నేను పెట్టెలు వదలను. ఆ సంగతి చెప్పడానికే ఇంత రాశాను. నువ్వు ఎప్పుడొస్తావో రాయి.

నువ్వు వెళ్ళిన రోజు పుస్తకంలో ఏం రాశానో ఇప్పుడే తిప్పి చూశాను. పొద్దున ముప్పై ఒకటి. సాయంత్రం ముప్పై ఒకటి. అంతా మామూలే.

గిన్నెలు నానబెట్టిన చేతులతో,
నీ బాయిలరువాడు


శుక్రవారం, సాయంత్రం అంకె వేశాక

దర్జీగారికి,

శుభవార్త! ఐదు వారాలు దాటినా జవాబు రాయలేదని అలగడం మానేసి మరీ రాస్తున్నాను.

పుట్టాయి. నిన్న సాయంత్రం దుప్పటి తీసి, అట్ట ఎత్తి చూద్దును కదా, అడుగున మినపగింజంతేసి తెల్లటివి కదులుతున్నాయి. మొదట పొట్టు రాలిందేమో అనుకున్నాను. పొట్టుకి కాళ్ళుండవు కదా. కళ్ళద్దాలు తుడుచుకుని లెక్కపెట్టాను. అరవై దాకా లెక్కపెట్టాక అవి చోటు మారడం మొదలుపెట్టాయి, నేను ఓటమి ఒప్పేసుకున్నాను. కన్న తల్లులు పక్కనే నిలబడి, ఏమీ జరగనట్టు క్యారెట్టు నములుతున్నాయి. ఆ నిబ్బరం చూస్తే నాకు ముచ్చటేసింది.

డబ్బాలో పదింటిని వేసుకుని డాక్టరమ్మకి పట్టుకెళ్ళాను. ఆవిడ కాగితం మీద ఒంపుకుని, భూతద్దం పెట్టి చూసి, "అబ్బో! ఏం మార్చారండీ?" అంది.

"ఏమీ మార్చలేదమ్మా. మా ఆవిడ ఇంట్లో లేదు, అంతే."

"ఆవిడ లేకపోతే పురుగులు పిల్లల్ని పెట్టడమేమిటి?"

"ఆవిడ కుట్టుమిషను ఆగింది కదా. ఆ అదురుకే ఇన్నాళ్ళూ సంచులు జారవిడిచాయి. గోడ అవతల పగలంతా టకటకటకా అంటుంటే ఏ తల్లి మాత్రం నిమ్మళంగా కంటుంది?"

డాక్టరమ్మ నవ్వింది. "రైలు పట్టాల పక్కన పెంచేవాళ్ళున్నారండీ. చప్పుడు వీటికి లెక్కే కాదు. మధ్యలో ఎప్పుడో చల్లబడి ఉంటాయి."

"అదే జరగదు. పుస్తకం తెస్తాను, చూసుకోండి. నాలుగున్నర నెలల్లో ముప్పై ఒకటి తప్ప ఇంకో అంకె లేదు."

పుస్తకం తెచ్చి చూపించాను. తిప్పి చూసి, "రోజుకి రెండేనా?" అంది. "షిఫ్టుకి ఒకటి" అన్నాను. ఆవిడ పుస్తకం మూసి, పిల్లలు మొత్తం ఎన్నున్నాయని అడిగింది. చదువుకున్నవాళ్ళతో ఇదే ఇబ్బంది, ఓడిపోయినప్పుడు ఒప్పుకోరు, మాట మారుస్తారు. మీ అన్నంత చదువూ లేదు, మీ చెల్లెలంత లోకజ్ఞానమూ లేదు, బాయిలరు పక్కన కూర్చుని పాత పేపర్లు చదివి నేర్చుకున్నవాణ్ణి, అయినా ఒక లెక్క నాకు తెలుసు. నువ్వున్నన్నాళ్ళూ పిల్లలు లేవు. నువ్వు వెళ్ళిన తొమ్మిదో వారంలో పుట్టాయి. మధ్యలో మారింది ఒక్కటే. దీనికి పెద్ద బుర్రేం కావాలి?

పెద్దాయన సంగతి చెప్పనేలేదు. ఒక పిల్లని చిన్న పట్టకారుతో పట్టుకుని ముందు పెట్టాను. మూడు నిమిషాలు దాన్ని చూశాడు. మూడు నిమిషాలు నన్ను చూశాడు. ఆ తర్వాత నాలుక ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్ళిందో తెలీదు. తిని కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు అంత మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

ఇక నువ్వు రావడం గురించి. మిషను మానేయమని నేను అనను, అది నీ చేతి పని. ఆలోచించి ఒక దారి చూశాను. మన మెట్ల కింద చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు కదా, ఆయన కొట్టులో ఓ మూల ఖాళీ ఉంది. నీ మిషను అక్కడ పెట్టుకోవచ్చన్నాడు. నువ్వు పగలు అక్కడ కుట్టుకుని సాయంత్రం పైకి వస్తావు. పురుగులకి చప్పుడుండదు, నీకు కాలక్షేపం. "అక్కగారు ఒప్పుకున్నారా?" అని అడిగాడు ఆయన. ఉత్తరం రాస్తున్నానని చెప్పాను. ఎందుకో ఆయన చేతిలో చెప్పు వంకే చూస్తూ కూర్చున్నాడు.

నీ జవాబు కోసం చూస్తూ,
అరవై పైచిలుకు పిల్లల సంరక్షకుడు,
నీ బాయిలరువాడు


బుధవారం, మధ్యాహ్నం పన్నెండున్నర

దర్జీగారికి,

పైన వేసిన టైము చూడు. పనిరోజున మధ్యాహ్నం పూట నేను ఇంట్లో ఉండడం ఈ ఇంటికొచ్చిన పదిహేనేళ్ళలో ఇదే మొదలు. జలుబు చేసింది. ముక్కు కుళాయైపోయి, డాక్టరమ్మ "మా తొండలకి అంటిస్తారు, ఇంటికి పొండి" అని మూడు రోజులు తరిమేసింది.

పోయిన ఉత్తరం నీకు చేరిందని తెలిసింది. మా తోడల్లుడు ఫోను చేశాడు.

"అన్నయ్యా, ఏం రాశారు మీరు?"

"ఏం రాశాను? పురుగులు పిల్లల్ని పెట్టాయని రాశాను."

"వదినగారు చదివి, నాలుగు మడతలు పెట్టి, పిండి డబ్బా కింద పెట్టారు. పొద్దుట్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు నలభై రొట్టెలకి పిండి కలిపి పెట్టారు. నేనడిగింది పన్నెండుకి."

"కోపంగా ఉందా?"

"పిండిని చూస్తే అలాగే ఉంది అన్నయ్యా."

అప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు. తప్పంతా ఆ రొట్టెలవాడు సరిగ్గా చదివి వినిపించకపోవడంలో ఉందేమో అనుకున్నాను, నీకు నాకంటే బాగా చదవడం వచ్చన్న సంగతి మర్చిపోయి.

నిన్నటి సంగతి చెబుతాను. వరసగా చెబుతాను, అడ్డం తిరగను.

జలుబుతో పడుకున్నవాణ్ణి పదకొండు దాటాక లేచాను. చొక్కా బొత్తాం ఊడింది, కుట్టుకుందామని నీ కిటికీ గదిలోకి వెళ్ళి నీ కుర్చీలో కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కలేదు. కళ్ళ దోషమనుకుని కిటికీ వైపు తిరిగాను. ఎక్కలేదు. అప్పుడు చూసుకుంటే వేళ్ళు వణుకుతున్నాయి. జ్వరం వచ్చిందనుకున్నాను. థర్మామీటరు తెచ్చుకున్నాను. ఒళ్ళు చూసుకునేది కనపడలేదు, గోడ మీదది తెచ్చాను. అలవాటు కొద్దీ ముందు నీ మిషను మీద పెట్టాను.

పదమూడు.

పాడైందనుకుని దులిపాను. పదమూడు. లోపలి గదిలో గోడకి పెట్టాను. పద్నాలుగు. బొద్దింకల పెట్టెలో పెట్టాను, చాప పుణ్యమా అని ముప్పై ఒకటి. మళ్ళీ నీ కుర్చీ దగ్గర, నేల మీద, నీ పాదం మోపే పలక పక్కన పెట్టాను. పదకొండు.

కోటు తొడుక్కుని కిందికి దిగాను. చెప్పులాయన కొట్టులో రెండు కోట్లు వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, బిల్డింగు బాయిలరు చెడిపోయిందా?"

ఆయన నా వంక వింతగా చూశాడు. "చెడిపోవడమేమిటండీ? ఆదివారం తప్ప రోజూ పదింటికి ఆపేసి నాలుగింటికి వేస్తారుగా. పగలు అందరూ పనులకి పోతారని."

"ఎప్పట్నుంచి?"

"నేను వచ్చినప్పట్నుంచీ ఇంతే. పదహారేళ్ళు. అక్కగారు మీకు చెప్పలేదా?"

చెప్పావు. అదే కదా. ఎన్నిసార్లు చెప్పావో కూడా నాకు గుర్తే. చెప్పిన ప్రతిసారీ సాయంత్రమే చెప్పావు, ఎందుకంటే పనిరోజుల్లో నేను ఇంట్లో ఉండేది సాయంత్రమే. చెప్పిన ప్రతిసారీ నేను థర్మామీటరు తెచ్చాను. ప్రతిసారీ ఇరవై రెండు. ప్రతిసారీ నేను గెలిచాను. ఊళ్ళో అందరికంటే వెచ్చని గదిలో కూర్చుని జీతం తీసుకున్నవాణ్ణి, నా సొంత ఇంటికి పగటిపూట వేడి లేదని చెప్పుల కొట్టులో తెలుసుకున్నాను. చెప్పులాయన మొహమాటపడి, "పోనీ టీ తాగుతారా?" అన్నాడు. తాగాను. నా ఫోర్‌మన్ బతికుంటే, "నువ్వు చూసిన వేళకి మామూలుగానే ఉందిలేరా" అని వీపు తట్టేవాడు.

పైకి వచ్చి నీ కుర్చీలో కోటుతోనే నాలుగింటి దాకా కూర్చున్నాను. ఏం చేశావని అడక్కు. కూర్చున్నాను. మూడు గంటలకి కాళ్ళు నావి కాకుండా పోయాయి. నాలుగుంబావుకి గొట్టాలు టిక్కుటిక్కుమన్నాయి. ఐదున్నరకి, అంటే నేను రోజూ తాళం తీసే వేళకి, థర్మామీటరు ఇరవై రెండు చూపించింది. నువ్వు అన్న పన్నెండో రకం ఊఁ ఏమిటో అప్పుడు తెలిసింది.

పొడుగ్గా క్షమాపణలు రాయడం నాకు చేతకాదు. చేతనైనవి చేశాను. పొద్దున్నే చెప్పులాయన సాయం పట్టాడు, నీ మిషను లోపలి గదిలోకి వచ్చేసింది, పాత చోటుకే. పెట్టెలు శనివారం డాక్టరమ్మకి తిరిగి ఇచ్చేస్తున్నాను. చలికాలం అయ్యేలోగా పిల్లలు పుట్టించి చూపించాను, నా మాట నిలబడింది, చాలు. ఆవిడ వేరే ఎవరినైనా చూసుకుంటుంది. పెద్దాయనకి చెప్పే ధైర్యం మాత్రం లేదు.

ఇంకొకటి. మిషను జరుపుతుంటే నీ కాళ్ళు పెట్టుకునే చోట ఒక బట్టసంచి దొరికింది. మెత్తటి దళసరి గుడ్డ, రెండు పొరలు, అంచులు దారం కనపడకుండా కుట్టావు. ఒక పక్క నోరు, ఒక మూల వేలెడంత కంత. దిండు గలీబు అనుకుందామంటే దిండుకి తోక ఉండదు కదా. ఎవరిదైనా ఆర్డరు మిగిలిపోయిందా? పేరు రాస్తే ఇచ్చేసి వస్తాను.

పుస్తకంలో ఇవాళ్టి రిమార్కు ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

కోటు విప్పకుండా,
నీ బాయిలరువాడు


గురువారం

బాయిలరుగారికి,

మీ మూడు ఉత్తరాలూ అందాయి, మూడోది బస్సువాడు నిన్న రాత్రే తెచ్చిచ్చాడు, దీన్నీ అతని చేతే పంపుతున్నాను. రెండోది పిండి డబ్బా కింద ఉంది. ఇంకో రెండు రోజులు ఉండనిస్తాను. డబ్బా కదలకుండా బాగుంది.

ఆ సంచి ఎవరి ఆర్డరూ కాదు. టేపుతో కొలవండి. పొడవు నలభై సెంటీమీటర్లు, వెడల్పు ఇరవై ఎనిమిది వస్తుంది. తర్వాత మీ బొద్దింకల పెట్టెల మధ్య ఉన్న వేడి చాప కొలవండి. ఆ కంత వైరు బయటికి రావడానికి.

ఇప్పటికి తెలిసే ఉంటుంది. అయినా రాస్తాను, మీరు మళ్ళీ చెప్పులాయన్ని అడగకుండా.

మొదటిరోజు దొంగతనమని అనుకోలేదండీ. పెట్టెలు తుడుద్దామని చాప తీశాను. కింద పెడితే పాడవుతుందేమోనని ఒళ్ళో పెట్టుకున్నాను. తుడవడం అయిపోయింది. చాప మాత్రం ఒళ్ళోంచి దిగలేదు. మర్నాడు పెట్టెలు శుభ్రంగానే ఉన్నాయి, అయినా తుడిచాను. మూడోరోజు తుడిచే నాటకం కూడా మానేశాను. మీరు తలుపు వేసుకుని వెళ్ళగానే తీసుకోవడం, కిటికీ గదిలో ప్లగ్గు పెట్టుకుని కాళ్ళ కింద వేసుకోవడం, మూడున్నరకి మళ్ళీ పెట్టెల మధ్య పెట్టి దుప్పటి కప్పడం. మీరొచ్చి చూసే వేళకి ముప్పై ఒకటి ఉండేది. మీ కంటే నేనే టైము తప్పకుండా డ్యూటీ చేశాను. వారం తర్వాత కాళ్ళకి గరుకు తగులుతోందని సంచి కుట్టాను.

పురుగులకి చలేస్తుందని తెలుసు. మీరు రోజూ చెప్పేవారు కదా. దారంలోకి పోలేదు, అన్నీ విన్నాను. అనుకునేదాన్ని, వీటికి ముప్పై ఒకటి కావాలి, నాకు ఇరవై చాలు, సర్దుకుందాం అని. అవి సర్దుకోలేదు.

మీరు ఆ నలభై సంచులూ తెల్లకాగితం మీద పేర్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, "నా చేతిలోనే ఏదో లోపం ఉందే" అన్నారు. మీరు రాయలేదు ఆ మాట. నాకు గుర్తుంది. ఆ రోజే చెప్పేద్దామనుకున్నాను. ఏమని చెప్పను? పురుగుల దగ్గర వేడి కాజేశానని. అడిగి తీసుకోవచ్చు కదా అంటారు. అడిగాను కదండీ, పదిహేనేళ్ళు అడిగాను, అనాలి. అక్కణ్ణించి మొదలుపెడితే మీరు మళ్ళీ థర్మామీటరు తెస్తారు. అంత మాటకంటే సంచి సర్దుకోవడం తేలికనిపించింది. ఆ ఇంట్లో ఉన్నంతకాలం చాప తీయకుండా ఉండలేనని నాకు తెలుసు. మీ పురుగులు పిల్లల్ని పెట్టాలంటే నేను వెళ్ళాలి. వెళ్ళాను. పెట్టాయి. మీ లెక్క సరిగ్గానే తేలింది, కారణమే తప్పు.

అలాంటిదానికి నా మిషను చెప్పుల కొట్టులో పెడతానని రాశారు చూడండి, అప్పుడు మాత్రం నేను నలభై రొట్టెల పిండి కలిపాను. మరిది పాపం ఇరుగుపొరుగు అందరికీ పంచిపెట్టాడు.

మూడో ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగింటి దాకా కూర్చున్నానన్న చోట ఆగాను. జలుబుతో అలా కూర్చోమని ఎవరు చెప్పారు మీకు? తగ్గిందా?

పెట్టెలు ఇవ్వకండి. నలభై సంచుల తప్పు నాది, అరవై పిల్లల్ని నేను చూడలేదు, చూడాలి. మీ పెద్దాయన తినడం కూడా ఒకసారి చూడాలి. మిషను లోపలి గదిలోనే ఉంచండి, పెట్టెలూ అక్కడే ఉంచండి. చప్పుడుకి వాటికి ఏమీ కాదు, రెండున్నర నెలలు వాటి పక్కనుంచి వస్తూ పోతూ ఉన్నదాన్ని, నేను చెబుతున్నాను. రోజూ వాటి మొహాలు చూసింది నేనే. ఇంకో వేడి చాప తెండి, అదే కొలత. సంచి కొత్తది కుట్టక్కర్లేదు.

ఆదివారం బయల్దేరుదామనుకున్నాను గానీ సోమవారం వస్తాను. బస్సు పన్నెండింటికి చేరుతుంది. డాక్టరమ్మతో చెప్పి ఆ వేళకి ఇంట్లో ఉండండి. రాత్రికో సాయంత్రానికో వస్తే ఇల్లు వెచ్చగానే ఉంటుంది, అది నాకు తెలిసిన ఇల్లు కాదు.

మీ పుస్తకంలో పొద్దునకీ సాయంత్రానికీ మధ్యలో ఇంకో గడి గీసి ఉంచండి. అందులో అంకె నేను వేస్తాను. రిమార్కు దగ్గర మీరేమీ రాయకండి, అది కూడా నేనే రాస్తాను.

నానబెట్టిన గిన్నెలు అలాగే ఉంచకండి.

మీ దర్జీ